వెదురు బద్దల మీది సాక్ష్యం

క్రీ.పూ. 548వ సంవత్సరం. ఇప్పటి షాన్‌తుంగ్ ప్రాంతంలో ఆనాడు చీ అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యాధిపతి తన మంత్రి త్సుయ్ జూ భార్యను మోహించి, ఆ ఇంటికి రాకపోకలు సాగించాడు. విషయం గ్రహించిన మంత్రి జబ్బు పడినట్లు నటించాడు. పరామర్శించే నెపంతో వచ్చిన రాజును ఆ ఇంటి ఆవరణలోనే మంత్రి మనుషులు చంపివేశారు. తరువాత త్సుయ్ జూ తనకు అనుకూలుడైన వానిని గద్దె మీద కూర్చోబెట్టాడు. అధికారమంతా అతని గుప్పిటిలోకి వచ్చింది. హతుడైన రాజు పక్షాన నిలబడి మాట్లాడాలని పదిమందికి అనిపించేటంత మంచితనం ఆ రాజులోనూ లేదు. లోకరీతిని బట్టి చూస్తే ఆ కథ అక్కడితో ముగిసిపోవలసినదే.

ముగియకపోవడానికి కారణం ఒక ఉద్యోగి. ఆస్థాన మహాలేఖకుడు వెదురు బద్ద తీసుకొని, త్సుయ్ జూ తన ప్రభువును చంపాడని నమోదు చేశాడు. చైనా లిపిలో అది అయిదు అక్షరాల వాక్యం. మంత్రి అతణ్ణి చంపించాడు. లేఖక వృత్తి ఆ కాలంలో వంశపారంపర్యం కనుక తమ్ముడు ఆ స్థానంలోకి వచ్చాడు. అతడూ ఆ అయిదక్షరాలే వ్రాశాడు, అతడూ చనిపోయాడు. మరొక తమ్ముడు వచ్చాడు, వ్రాశాడు, చనిపోయాడు. నాలుగవ వాడు వచ్చి మళ్ళీ అదే వాక్యం వ్రాశాడు. ఈసారి త్సుయ్ జూ అతణ్ణి విడిచిపెట్టాడు. లేఖకులందరూ హతులయ్యారన్న వార్త విని, దక్షిణ లేఖకుడని పిలువబడే మరొక ఉద్యోగి తన బద్దలు చేతబట్టుకొని రాజధానికి బయలుదేరాడు. దారిలో, వ్రాయవలసిన మాట వ్రాయడం పూర్తయిందని తెలిసి, వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

ఈ వృత్తాంతాన్ని ‘జ్వో జ్వాన్’ అనే ప్రాచీన చరిత్ర గ్రంథం ఏ అలంకారమూ లేకుండా, రెండు మూడు పంక్తులలో చెప్పి ముందుకు సాగిపోతుంది. ఆ అన్నదమ్ముల గుణగణాలను గాని, వారి భార్యాబిడ్డల దుఃఖాన్ని గాని ప్రస్తావించదు. ఆ వాక్యంలో వారు ప్రాణం పెట్టినది ఒక్క క్రియాపదం మీద. చంపడమన్న అర్థానికి చైనా భాషలో పలు పదాలున్నాయి. సేవకుడు ప్రభువును, కుమారుడు తండ్రిని చంపితే వాడే పదం వేరు. ఆ పదం వ్రాయడంతోనే తీర్పు పూర్తవుతుంది; వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. రాజు మరణించాడని వ్రాసి ఊరుకుంటే అన్నదమ్ములు నలుగురూ బ్రతికేవారు. ఆ మాట అబద్ధమూ అయ్యేది కాదు. కాని అది నిజమూ అయ్యేది కాదు.

లేఖకునికి ఇంతటి బాధ్యత ఎక్కడినుండి వచ్చిందో తెలియాలంటే చైనీయుల భావలోకాన్ని కొంత పరిశీలించవలసి ఉంటుంది. చైనా భాషలో చరిత్రకు, చరిత్ర వ్రాసే వానికి మూలమైన అక్షరం ఒక్కటే. క్రీ.శ. 100 ప్రాంతంలో తొలి సమగ్ర నిఘంటువును కూర్చిన షూ షెన్ ఆ అక్షరాన్ని, మధ్యస్థమైన దానిని పట్టుకొన్న చేయిగా, అంటే నిష్పక్షపాతానికి గుర్తుగా వివరించాడు. ఆధునిక పండితులు ఆ చేతిలో ఉన్నది వ్రాత పరికరమో, లేఖలు దాచే పాత్రో కావచ్చునంటారు. ఏదైనా అది ఒక చేయి. పంచాంగ గణన, గ్రహగతుల పరిశీలన, శకునాలు, పత్రాల భద్రత, రాజుగారి చర్యల నమోదు అన్నీ ఆ చేతి పనులే. ఆకాశంలో జరిగేదీ, ఆస్థానంలో జరిగేదీ ఒకే దృష్టితో గమనించి వ్రాయడం అతని వృత్తిధర్మం. గ్రహణం పట్టిన రోజును రాజు మెప్పు కోసం మార్చి వ్రాయడం ఎలా కుదరదో, హత్య జరిగిన రోజును మార్చడమూ అలాగే కుదరదు.

దీనికి వెనుక మరొక భావన ఉంది. కన్ఫ్యూషియస్ మరణానంతర విషయాల గురించి మాట్లాడడానికి ఇష్టపడలేదు. స్వర్గనరకాల లెక్క, జన్మాంతరాల ఫలం అన్నవి అతని బోధలో ప్రధానం కావు. మరి మంచికి ప్రతిఫలమెక్కడ, చెడుకు శిక్ష ఎక్కడ? చీ రాజ్యంలో హత్య జరగడానికి ఒక్క సంవత్సరం ముందు, క్రీ.పూ. 549లో, లూ రాజ్యపు ప్రముఖుడొకడు మరణించినా నశించనివి మూడున్నాయని చెప్పినట్లు ‘జ్వో జ్వాన్’ నమోదు చేసింది. అవి శీలం, కార్యం, వాక్కు. మనిషి ఈ మూడింటి ద్వారానే మిగులుతాడు. అయితే ఆ మిగలడానికి ఒక చోటు కావాలి. ఆ చోటు లేఖకుని వెదురు బద్ద. అందుకే సేనలకు వెరవని మంత్రి ఒక బద్ద ముక్కకు వెరచాడు.

లూ రాజ్యపు వార్షిక వృత్తాంతమైన ‘వసంత శరత్తులు’ క్రీ.పూ. 722 నుండి 481 వరకు జరిగిన సంఘటనల పట్టిక. దానిని కన్ఫ్యూషియస్ స్వయంగా సంస్కరించాడని సంప్రదాయం చెబుతుంది. చూడడానికి అది పొడి లెక్కల పుస్తకంలా ఉంటుంది. ఫలానా నెలలో ఫలానా రాజు మరణించాడు, ఫలానా కోట కట్టారు, గ్రహణం పట్టింది. కాని ప్రతి పదం తూచి వేసినదని నమ్మిన వ్యాఖ్యాతలు ఒక బిరుదు వాడడంలో మెప్పును, మరొకటి విడిచిపెట్టడంలో మందలింపును చదివారు. ఆ గ్రంథం వెలువడిన పిమ్మట రాజద్రోహులు భయపడ్డారని మెన్షియస్ అభిప్రాయం. వారు నిజంగా భయపడ్డారో లేదో గాని, భయపడవలసిన వస్తువు ఒకటి ఉన్నదన్న నమ్మకం మాత్రం నిలిచింది.

ఆ నమ్మకానికి పూర్తి మూల్యం చెల్లించినవాడు సుమా చియెన్. పచ్చనది ఒడ్డున ఉన్న లుంగ్‌మెన్ అతని జన్మస్థలం. తండ్రి సుమా థాన్ హాన్ వంశపు వూ చక్రవర్తి కొలువులో మహాలేఖకుడు. ఇరవై ఏళ్ళ వయసులో సుమా చియెన్ దేశాటనానికి బయలుదేరి, దక్షిణాన నదీతీరాలు తిరిగాడు. కవి చూ యువాన్ ప్రాణం విడిచిన మీలో నదిని చూశాడు. కన్ఫ్యూషియస్ స్వస్థలంలో ఆయన ఉపయోగించిన వస్తువులను దర్శించాడు. పత్రాల గదిలో కూర్చొని వ్రాయదగిన చరిత్ర వేరు, నేల మీద నడిచి వ్రాయవలసిన చరిత్ర వేరని ఆ యువకుడు ముందే తెలుసుకున్నాడు.

క్రీ.పూ. 110లో వూ చక్రవర్తి థాయ్ పర్వతం మీద మహాయజ్ఞం తలపెట్టాడు. వృత్తిరీత్యా అందులో పాల్గొనవలసిన సుమా థాన్ లోయాంగ్ వద్దనే నిలిచిపోయాడు. ఆ వేదనతోనే మంచం పట్టాడు. నైరుతి ప్రాంతంలో రాజకార్యం ముగించుకొని తిరిగివచ్చిన కుమారుని చేయి పట్టుకొని, కంటతడితో తన అసంపూర్ణ గ్రంథాన్ని పూర్తి చేయవలసినదిగా కోరి కన్నుమూశాడు. రెండేళ్ళ తరువాత కుమారుడు తండ్రి పదవిలో నియుక్తుడయ్యాడు. క్రీ.పూ. 104లో వెలువడిన కొత్త పంచాంగ సంస్కరణలో పాలు పంచుకొన్నాడు. ఆ పిమ్మట చరిత్ర రచనకు పూనుకున్నాడు.

క్రీ.పూ. 99లో లీ లింగ్ అనే సేనాని అయిదు వేల కాలిబంట్లతో ఉత్తరపు మైదానాలలో షియోంగ్‌ను తెగల అశ్వసేనల మధ్య చిక్కుకున్నాడు. తన సేనకు ఎన్నో రెట్లున్న శత్రువులతో అనేక దినాలు పోరాడి, బాణాలు నిండుకొని, సహాయం అందక లొంగిపోయాడు. తిరిగి సరిహద్దు చేరినవారు నాలుగు వందల మంది. మొదటి విజయవార్తలు వచ్చినప్పుడు పానపాత్రలెత్తి చక్రవర్తిని అభినందించిన కొలువువారే ఇప్పుడు లీ లింగ్ దోషాలు ఏకరువు పెట్టసాగారు. చక్రవర్తి అడిగినప్పుడు సుమా చియెన్ తనకు తోచినది చెప్పాడు. లీ లింగ్ తనకు సన్నిహితుడేమీ కాడు. కాని అతడు చేసిన యుద్ధం సామాన్యమైనది కాదు, లొంగుబాటు వెనుక అవకాశం కోసం ఎదురుచూసే ఉద్దేశం ఉండవచ్చునని ఆ మాటల సారాంశం. ఆ దండయాత్రకు ప్రధాన సేనాని చక్రవర్తి ప్రియురాలి సోదరుడు. అతణ్ణి కించపరచడానికే ఈ మాటలన్నాడని చక్రవర్తికి తోచింది. లేఖకుడు చెరసాల పాలయ్యాడు. ప్రభువును వంచించిన నేరానికి మరణదండన పడింది.

ధనం చెల్లించి ప్రాణం దక్కించుకొనే వీలు చట్టంలో ఉంది. లేఖకుని ఇంట అంత ధనం లేదు. ఆదుకొనే మిత్రుడూ కనిపించలేదు. మిగిలిన మార్గాలు రెండు. ఆత్మాభిమానం గల కులీనుడు చెరసాలకు పోకముందే ప్రాణత్యాగం చేయడం ఆనాటి మర్యాద. రెండవది, మరణానికి బదులు పుంస్త్వాన్ని కోల్పోయే శిక్షను అంగీకరించడం. తల్లిదండ్రులిచ్చిన దేహాన్ని చెక్కుచెదరకుండా కాపాడుకోవడం పితృభక్తికి తొలిమెట్టని భావించే సమాజంలో అంతకు మించిన అవమానం లేదు. సుమా చియెన్ ఆ రెండవదానినే ఎంచుకొన్నాడు. శిక్ష అనుభవించినవారి గాయం మానడానికి గాలి చొరబడని వెచ్చని గదిలో ఉంచేవారు. పట్టుపురుగులను పెంచే గదులలా ఉండేది కనుక దానికి పట్టుపురుగుల గది అని పేరు.

ఎందుకు బ్రతికాడో ఆయన స్వయంగా చెప్పుకొన్నాడు. కొన్నేళ్ళ తరువాత, తానే మరణదండన ఎదుర్కొంటున్న మిత్రుడు రెన్ ఆన్‌కు వ్రాసిన లేఖలో ఆ వివరణ ఉంది. గ్రంథం సగంలో ఉన్నప్పుడు ఈ ఆపద వచ్చిపడిందనీ, అది అసంపూర్తిగా మిగిలిపోవడం సహించలేక శిక్షను సహించాననీ అందులో వివరించాడు. ఆ లేఖ వీరుని ప్రకటన కాదు. అవమానం రోజుకెన్నిసార్లు తలపుకు వచ్చేదో, ఇంట ఉన్నా దిక్కు తోచక, వీధిలోకి వెళితే ఎక్కడికో తెలియక తిరిగేవాడో దాచకుండా చెప్పుకొన్న ఒక మనిషి ఆర్తి అది. శిక్ష తరువాత చక్రవర్తి ఆయనను అంతఃపుర కార్యదర్శిగా నియమించాడు. లోకం దృష్టిలో అది పెద్ద పదవి. తనను అంగవికలుణ్ణి చేసిన ప్రభువు పక్కనే పగలంతా నిలబడి, తీరిక దొరికినప్పుడు ఆ ప్రభువు కాలపు చరిత్రను వ్రాసుకోవడం ఎలాంటి జీవితమో ఊహకందదు.

ఆ గ్రంథం పేరు ‘షీ జీ’, అంటే లేఖకుని లేఖనాలు. 130 అధ్యాయాలు, 526,500 అక్షరాలని కర్తే లెక్క చెప్పాడు. కాగితం ఇంకా వాడుకలోకి రాని కాలమది. ఒక్కొక్క వెదురు బద్ద మీద ఇరవై అయిదు అక్షరాలు పట్టాయనుకొన్నా, ఇరవై వేలకు పైగా బద్దలు కావాలి. పౌరాణిక చక్రవర్తుల నుండి తన కాలం వరకు గల చరిత్రను రాజవృత్తాంతాలు, కాలపట్టికలు, శాస్త్ర వ్యవస్థల వివరణలు, సామంత వంశాలు, వ్యక్తుల జీవితాలు అనే అయిదు భాగాలుగా అమర్చాడు. ఈ అమరికలోనే ఆయన తీర్పులున్నాయి. సింహాసనం కోసం పోరాడి ఓడిపోయిన షియాంగ్ యూకు చక్రవర్తుల వరుసలో చోటిచ్చాడు. క్రీ.పూ. 209లో తిరుగుబాటు చేసిన కూలివాడు చెన్ షేను సామంత ప్రభువుల సరసన కూర్చోబెట్టాడు. వర్తకులు, విదూషకులు, హంతకులు, జ్యోతిష్కులు, క్రూరులైన అధికారులు అందరికీ అధ్యాయాలు కేటాయించాడు. అధ్యాయాంతంలో మహాలేఖకుడు అంటున్నాడని చెప్పి, తన అభిప్రాయాన్ని వేరుగా వ్రాశాడు. జరిగినదెంతో, తనకు తోచినదెంతో కలగలిసిపోకుండా గీచిన గీత అది.

చక్రవర్తి మీద కక్షను ఆయన గ్రంథంలో తీర్చుకొన్నాడా అన్న చర్చ చైనాలో రెండు వేల ఏళ్ళుగా సాగుతోంది. ఆ గ్రంథంలో తిట్టు లేదు. అమరత్వం ప్రసాదిస్తామని వచ్చిన మాంత్రికులను వూ చక్రవర్తి ఒకరి తరువాత ఒకరిగా నమ్మి మోసపోయిన తీరును తారీకులతో సహా వరుసగా చెప్పాడు, అంతే. చదువరికి మిగిలినది అర్థమవుతుంది.

వ్యక్తుల జీవితాల భాగంలో మొదటి అధ్యాయం పోయీ, షూచీ అనే సోదరులది. ధర్మం తప్పిన రాజ్యపు ధాన్యం తినమని కొండలకు పోయి, ఆకలితో మరణించినవారు. అక్కడ కథ కంటె ప్రశ్న పెద్దది. సత్పురుషుల పక్షాన దైవం ఉంటుందన్న మాట నిజమైతే వీరెందుకు ఆకలితో చచ్చిపోయారు? కన్ఫ్యూషియస్‌కు అత్యంత ప్రియమైన శిష్యుడు యెన్ హుయ్ పేదరికంలో అల్పాయుష్కుడెందుకయ్యాడు? నరహంతకుడైన దొంగ నిండు నూరేళ్ళు ఎలా బ్రతికాడు? బౌద్ధం ఇంకా చైనాకు చేరలేదు. కర్మసిద్ధాంతమిచ్చే ఊరట ఆయనకు అందుబాటులో లేదు. దైవం తీర్చని లెక్కను ఎవరో ఒకరు వ్రాసి పెట్టడమే ఆయన కనుగొన్న సమాధానం. కొండగుహలలో పేరు తెలియకుండా రాలిపోయే మంచివారికి చరిత్రకారుడు తప్ప దిక్కులేదని ఆ అధ్యాయం సారం. అందులో ఆయన తన పేరు ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరమూ లేదు.

గ్రంథాన్ని వెంటనే లోకానికి ఇవ్వలేదు. ఒక ప్రతిని సురక్షితంగా దాచి, మరొకదానిని రాజధానిలో ఉంచి, రాబోయే తరాలవారి కోసం ఎదురుచూశాడు. ఆయన కుమార్తె కొడుకు యాంగ్ యూన్ దానిని వెలుగులోకి తెచ్చాడు. శతాబ్దం దాటిన తరువాత చూసేసరికి పది అధ్యాయాలు లోపించాయి. వాటిలో వూ చక్రవర్తి వృత్తాంతం ఒకటి. ఆ లోపాన్ని గుర్తించి చెప్పిన చరిత్రకారుడు బాన్ గూ, పూర్వ హాన్ చరిత్రను వ్రాయడానికి పూనుకొని, స్వతంత్రంగా దేశచరిత్ర వ్రాస్తున్నాడన్న అభియోగం మీద ఒకసారి చెరసాలకు వెళ్ళాడు. తమ్ముడు చక్రవర్తిని వేడుకోగా విడుదలయ్యాడు. చివరకు మరొక రాజకీయ వివాదంలో చిక్కి, క్రీ.శ. 92లో చెరసాలలోనే మరణించాడు. మిగిలిన గ్రంథాన్ని పూర్తి చేయడానికి పూనుకొన్నది ఆయన సోదరి బాన్ జావ్. చీ రాజ్యపు అన్నదమ్ముల పని ఈసారి ఒక చెల్లెలి చేతికి వచ్చింది.

కాలక్రమంలో రాజ్యం ఈ కలాన్ని చంపడం కంటె పెంచుకోవడం మేలని గ్రహించింది. థాంగ్ వంశపు థాయ్‌జుంగ్ చక్రవర్తి క్రీ.శ. 629లో చరిత్ర కార్యాలయాన్ని నెలకొల్పాడు. ఆయన గొప్ప పాలకుడు. అయితే 626లో రాజభవన ద్వారం వద్ద సొంత అన్నదమ్ములను చంపి, తండ్రిని గద్దె దింపి ఆ స్థానానికి వచ్చినవాడు. 642లో ఆయన తన దినచర్యను నమోదు చేసే చూ స్వేలియాంగ్‌ను పిలిచి, ఏమి వ్రాశావో చూడవచ్చునా అని అడిగాడు. తన చరిత్రను తాను చదివిన చక్రవర్తి లేడని అతడు వినయంగానే నిరాకరించాడు. తన తప్పులు కూడా వ్రాస్తావా అంటే, అది తన ఉద్యోగమని చెప్పాడు. థాయ్‌జుంగ్ అతణ్ణి శిక్షించలేదు. మరుసటి సంవత్సరం మంత్రి ఫాంగ్ షువాన్‌లింగ్ కుదించిన ప్రతిని సమర్పించాడు. చక్రవర్తి సోదరహత్య భాగం చదివి, దాపరికం లేకుండా వ్రాయండని ఆదేశించాడు. అది రాజ్యరక్షణ కోసం జరిగినదన్న సమర్థననూ ఆ ఆదేశంతోనే జోడించాడు. ఆనాటి నుండి ఆ కాలపు అధికార చరిత్రను పండితులు సందేహంతోనే చదువుతున్నారు. త్సుయ్ జూ కత్తి సాధించలేనిది ఒక మంచి చక్రవర్తి చూపు సాధించింది.

ఆ కార్యాలయంలోనే పనిచేసిన ల్యూ జీజీ 708లో విసుగెత్తి రాజీనామా లేఖ వ్రాశాడు. పలువురు కలిసి వ్రాయాలంటే ఎవరూ కలం కదపరు. ఒకరు వ్రాస్తే ఆ మాట సిరా ఆరకముందే బయటకు పొక్కుతుంది. పైన పర్యవేక్షకులు ఎక్కువ, వారి ఆదేశాలు పరస్పర విరుద్ధం. ఇవీ ఆయన ఫిర్యాదులు. ఏ దేశంలోనైనా ఏ కార్యాలయంలోనైనా పనిచేసినవారికి ఈ మాటలు కొత్త కావు. 710లో ఆయన పూర్తి చేసిన ‘షీ థుంగ్’ చరిత్ర రచనా విధానాన్నే విమర్శించి చూసిన తొలి గ్రంథాలలో ఒకటి. ఒక వంశం పోయిన తరువాత మరొక వంశం దాని చరిత్రను వ్రాయించే ఆనవాయితీ 1739లో మింగ్ చరిత్ర ప్రచురణ వరకు కొనసాగి, ఇరవై నాలుగు చరిత్రలైంది. ఆ ఆనవాయితీని పాటించిన చింగ్ పాలకులే, మింగ్ కాలాన్ని తమకు నచ్చని రీతిలో చెప్పిన ఒక గ్రంథం కారణంగా 1663లో డెబ్భై మందికి పైగా మరణదండన విధించారు. వారిలో ఆ గ్రంథాన్ని ముద్రించినవారు, అమ్మినవారు కూడా ఉన్నారు.

సోదరహత్యను కప్పిపుచ్చవద్దన్న ఆ థాయ్‌జుంగ్ చక్రవర్తే, 645లో భారతదేశం నుండి తిరిగివచ్చిన హ్యూయన్‌త్సాంగ్‌ను చూసినవన్నీ వ్రాయమని కోరాడు. మరుసటి సంవత్సరం పశ్చిమ దేశాల వృత్తాంతం సిద్ధమైంది. అందులో ఆంధ్రదేశం ఉంది. ఇక్కడి మాట మధ్యదేశపు మాటకు భిన్నమనీ, లిపి మాత్రం చాలావరకు ఆ పద్ధతినే అనుసరిస్తుందనీ ఆయన గమనించాడు. ధాన్యకటకంలో విహారాలు బారులు తీరి ఉన్నా అధికభాగం పాడుపడ్డాయనీ, ఇరవై మాత్రమే మిగిలి వాటిలో వేయిమంది భిక్షువులున్నారనీ వ్రాశాడు. ఆయన బౌద్ధుడు, ఆ క్షీణత ఆయనకు సంతోషకరం కాదు. అయినా ఉన్నదున్నట్లు లెక్క చెప్పాడు.

ఆ గ్రంథంలోనే మరొక మాట ఉంది. భారతదేశంలో ప్రతి ప్రాంతంలోనూ సంఘటనలను నమోదు చేయడానికి అధికారులున్నారనీ, మంచిచెడులు, ఉపద్రవాలు, శుభాలు అన్నీ అందులో ఎక్కుతాయనీ, ఆ లేఖనాలను నీలపిట అని పిలుస్తారనీ హ్యూయన్‌త్సాంగ్ చెప్పాడు. ఆ నీలపిటలేవీ ఇప్పుడు లేవు. శాసనాలు మిగిలాయి, వాటిలో వినిపించేది అధికంగా దాతల కీర్తి. 1148లో ‘రాజతరంగిణి’ రచనకు పూనుకొన్న కల్హణుడు, చరిత్ర చెప్పేవాడు రాగద్వేషాలు విడిచిన న్యాయాధిపతిలా ఉండాలన్నాడంటే ఆ ఆదర్శం ఇక్కడా కొత్తది కాదు. కాని తాటాకో భూర్జపత్రమో మీద ఏ గ్రామ లేఖకుడు ఏ అధికారికి లొంగక ఏమి వ్రాశాడో తెలుసుకొనే దారి మూసుకుపోయింది. వాటికి ఒక పేరుండేదన్న సంగతి మాత్రం చైనా యాత్రికుని పుణ్యమా అని దక్కింది.

చీ రాజ్యంలో ఆ హత్య జరిగిన పద్దెనిమిది వందల ఏళ్ళ తరువాత, మంగోలుల చెరలో మరణం కోసం ఎదురుచూస్తున్న మంత్రి, కవి వెన్ థియెన్‌షియాంగ్ ధైర్యానికి దృష్టాంతాలు తలచుకొంటూ ఒక కవిత వ్రాశాడు. అందులో మొదట తలచినది సేనానులను కాదు, చీ లేఖకుని వెదురు బద్దలను. వెన్ 1283లో మరణదండనకు గురయ్యాడు. ఆయన పేరు నిలిచింది. త్సుయ్ జూ పేరూ నిలిచింది. అది అలా నిలవడానికి కారకులైన ఆ అన్నదమ్ముల పేర్లను ‘జ్వో జ్వాన్’ చెప్పలేదు. బద్దలు చేతబట్టుకొని వచ్చి, పని అయిపోయిందని విని ఇంటికి వెళ్ళిపోయిన దక్షిణ లేఖకుని పేరూ చెప్పలేదు. వారు వ్రాయదలచినది తమ పేర్లు కాదు.